మైనస్ 3 అని రాసి ఉంటే పరావలయం కుడికి ఎందుకు పోతుంది?

ప్లేనో_అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి, ఆల్జీబ్రా 1 చదువుతోంది. ఈ వారం పరావలయాలు (పారబోలాలు, గిన్నెలాంటి వక్రాలు) మొదలుపెట్టారు. హోంవర్క్‌లో వచ్చిన సమీకరణం ఇది:

వై = 2(ఎక్స్ − 3)² − 8

దీని శీర్షం (3, −8) అని క్లాసులో చెప్పారట. బ్రాకెట్ లోపల మైనస్ ఉంటే కుడికి, ప్లస్ ఉంటే ఎడమకి. బయట మైనస్ ఉంటే కిందికి, ప్లస్ ఉంటే పైకి అని నోట్సు రాయించారు. పిల్ల నన్ను పట్టుకుని అడిగింది: "బయట మైనస్ మామూలుగానే ఉంది, లోపల మైనస్ మాత్రం ఎందుకమ్మా తిరగబడుతోంది?"

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియంలో ఎంపీసీ. వై² = 4·ఎ·ఎక్స్, నాభి, నియతరేఖ, నాభిలంబం అన్నీ చేశాం. ఈ ప్రశ్న మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. "రూలు అంతే, గుర్తుపెట్టుకో" అని నా నోటితో అనడం నాకిష్టం లేదు. పదమూడేళ్ళ పిల్లకి తలకెక్కే కారణం ఎవరైనా చెప్పండి.

లెక్కల_మాస్టారు

అమ్మా, మీ పాప మంచి ప్రశ్న వేసింది. నేను తూర్పు గోదావరిలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా పద్ధతి చెబుతాను.

జరగడం, తిరగబడడం అనే మాటలు ముందు పక్కన పెట్టండి. పాపని ఒక్కటే అడగండి: ఏ సంఖ్యని వర్గం చేసినా ఋణ సంఖ్య వస్తుందా? రాదు. మరి 2(ఎక్స్ − 3)² అన్న ముక్క తీసుకోగలిగిన అతి చిన్న విలువ ఎంత? సున్న. అది ఎప్పుడు సున్న అవుతుంది? ఎక్స్ 3 అయినప్పుడు. అప్పుడు వై ఎంత? −8. ఎక్స్‌కి ఇంకే విలువ ఇచ్చినా ఆ ముక్క సున్న కంటే పెద్దదే అవుతుంది కాబట్టి వై −8 కంటే పైనే ఉంటుంది. అంటే అట్టడుగు బిందువు (3, −8). శీర్షం అదే. బ్రాకెట్‌ని సున్న చేసే విలువ ఎక్కడుందో వెతకడమే పని. అక్కడ మైనస్ ఉందా ప్లస్ ఉందా అని చూడక్కర్లేదు.

తర్వాత పెన్సిలు ఇచ్చి ఈ పట్టిక పాప చేతే వేయించండి.

ఎక్స్ = 3 అయితే వై = −8
ఎక్స్ = 4 అయితే వై = −6
ఎక్స్ = 5 అయితే వై = 0
ఎక్స్ = 6 అయితే వై = 10
ఎక్స్ = 7 అయితే వై = 24

ఎక్స్ ఒక్కో అంకె పెరిగినప్పుడు వై ఎంతెంత పెరిగిందో పక్కన రాయమనండి: 2, 6, 10, 14. అన్నిటినీ 2తో భాగిస్తే 1, 3, 5, 7. వరసగా బేసి సంఖ్యలు! ఎడమవైపు 2, 1, 0 అని వెళ్ళినా ఇవే అంకెలు. బ్రాకెట్ ముందున్న 2 చేసే పని ఇదే, బేసి సంఖ్యల్ని రెట్టింపు చేస్తుంది. ఇది తెలిశాక గ్రాఫ్ కాగితం మీద పరావలయం గీయడానికి ప్రతి బిందువుకీ లెక్క కట్టాల్సిన అవసరం ఉండదు. శీర్షం దగ్గర పెన్సిలు పెట్టి, ఒక గడి పక్కకి రెండు గడులు పైకి, ఇంకో గడి పక్కకి ఆరు గడులు పైకి వెళ్ళడమే.

ఓరుగల్లు_బిడ్డ

మాస్టారు చెప్పింది మంచిగుంది. అక్కా, పాప అడిగిన అసలు మాటకి, అంటే ఒకటి తిరగబడి ఇంకొకటి ఎందుకు తిరగబడలేదు అన్నదానికి, ఇంకో జవాబు ఉంది.

−8ని ఇటు పక్కకి తెచ్చి రాయండి:

వై + 8 = 2(ఎక్స్ − 3)²

ఇప్పుడు చూడండి. ఎక్స్ పక్కన −3 ఉంది, శీర్షం +3 దగ్గర ఉంది. వై పక్కన +8 ఉంది, శీర్షం −8 దగ్గర ఉంది. రెండూ తిరగబడ్డయి! రెండిటికీ రూలు ఒక్కటే. పుస్తకంలో 8ని సమానం గుర్తుకి అవతలి పక్క రాసిన్రు కాబట్టి గుర్తు మారి, మామూలుగా ఉన్నట్టు కనబడుతోంది. అంతే తేడా.

వృత్తం సమీకరణం కూడా ఇట్లనే కదా. (ఎక్స్ − 3)² + (వై + 8)² = 25 అంటే కేంద్రం (3, −8). అక్కడ రెండూ ఒకే పక్కన ఉంటయి కాబట్టి ఎవరికీ ఈ డౌట్ రాదు.

ప్లేనో_అమ్మ

మాస్టారూ, తమ్ముడూ, ఇద్దరికీ ధన్యవాదాలు. వై + 8 అని రాసి చూపించగానే పిల్ల మొహం వెలిగిపోయింది. బేసి సంఖ్యల పట్టిక వేసుకుని, 2 బదులు 3 పెడితే 3, 9, 15 వస్తాయని తనే కనిపెట్టింది.

తర్వాతి లెక్కలో బ్రాకెట్ లేకుండా విప్పి ఇచ్చారు: వై = 2ఎక్స్² − 12ఎక్స్ + 10. ఇదీ ఆ పరావలయమే అంటున్నారు. దీన్ని చూసి శీర్షం ఎక్కడుందో ఎలా చెప్పాలి?

ఫార్ములా_ఫస్ట్

మేడమ్, ఇంత చర్చ అవసరం లేదు. శీర్షం ఎక్స్ నిరూపకం −బి/2ఎ. ఇక్కడ ఎ = 2, బి = −12. 12/4 = 3. సమీకరణంలో 3 పెడితే 18 − 36 + 10 = −8. అయిపోయింది. నేను ఎప్‌సెట్‌కి కోచింగ్ ఇస్తాను. మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేయాల్సిన పిల్లలకి ఫార్ములా చేతిలో ఉండాలి. కారణాలు తర్వాత నిదానంగా తెలుసుకోవచ్చు.

లెక్కల_మాస్టారు

ఫార్ములా వద్దని నేనూ అనను సార్. పరీక్ష హాల్లో అదే దిక్కు. కానీ ఈ ఫార్ములా వెనకున్న కారణం రెండు వాక్యాలే, అది చెప్పకుండా వదిలేయడం పిల్లలకి నష్టం.

వై = ఎ·ఎక్స్² + బి·ఎక్స్ + సి తీసుకోండి. ఎక్స్ = 0 దగ్గర వక్రం ఎత్తు సి. అదే ఎత్తు మళ్ళీ ఎక్కడ వస్తుంది? ఎ·ఎక్స్² + బి·ఎక్స్ = 0 అయిన చోట. ఎక్స్‌ని ఉమ్మడిగా బయటకు తీస్తే ఎక్స్(ఎ·ఎక్స్ + బి) = 0. కాబట్టి ఎక్స్ = 0 దగ్గర ఒకసారి, ఎక్స్ = −బి/ఎ దగ్గర ఇంకోసారి. ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువులకి సరిగ్గా నడిమధ్యలో సౌష్ఠవాక్షం ఉంటుంది. 0కీ −బి/ఎకీ మధ్య బిందువు −బి/2ఎ. శీర్షం ఆ గీత మీదే ఉండాలి.

ప్లేనో అమ్మగారి లెక్కలో: 2ఎక్స్² − 12ఎక్స్ = 0 అంటే ఎక్స్ = 0 లేదా 6. రెండు చోట్లా వై = 10. మధ్యలో 3. ఎనిమిదో తరగతి పాపకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

శూన్యాల మధ్య బిందువు తీసుకోమని కొందరు చెబుతారు. అదీ సరైనదే, కానీ వక్రం ఎక్స్ అక్షాన్ని తాకకుండా పైనే ఉండిపోతే శూన్యాలే దొరకవు. సి ఎత్తు దగ్గర అడ్డగీత గీసే పద్ధతి ప్రతి పరావలయానికీ పనిచేస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ

వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి కూడా పక్కన పెట్టి చూపిస్తే అక్కకి మొత్తం బొమ్మ దొరుకుతది.

2ఎక్స్² − 12ఎక్స్ + 10
= 2[ఎక్స్² − 6ఎక్స్ + 5]

6లో సగం 3, దాని వర్గం 9. ఆ 9ని కలిపి, తీసేద్దాం.

= 2[(ఎక్స్² − 6ఎక్స్ + 9) − 9 + 5]
= 2[(ఎక్స్ − 3)² − 4]
= 2(ఎక్స్ − 3)² − 8

చివర్లో బయట ఉన్న 2 లోపలి −4ని కూడా గుణిస్తది. పిల్లలు ఎక్కువగా అక్కడ్నే తడబడి −4 అని వదిలేస్తరు. విప్పి మళ్ళీ సరిచూసుకుంటే బయటపడుతది.

ఫార్ములా_ఫస్ట్

మాస్టారు చెప్పిన కారణం బాగుంది, రేపటి క్లాసులో చెబుతాను. నేనూ ఒకటి ఇస్తాను. వర్గం పూర్తి చేసేటప్పుడు భిన్నాలు వచ్చి పిల్లలు బెదిరిపోతారు కదా, దానికి మన శ్రీధరాచార్యుడి పద్ధతి మందు. ఆయన సూత్రాన్ని భాస్కరాచార్యుడు బీజగణితంలో ఉదాహరించాడు. మొదట రెండు పక్కలా 4ఎతో గుణించాలి, తర్వాత బి వర్గాన్ని కలపాలి.

2ఎక్స్² − 12ఎక్స్ + 10 = 0
8తో గుణిస్తే: 16ఎక్స్² − 96ఎక్స్ + 80 = 0
80ని అవతలికి పంపి రెండు పక్కలా 144 కలిపితే: 16ఎక్స్² − 96ఎక్స్ + 144 = 64
అంటే (4ఎక్స్ − 12)² = 64
4ఎక్స్ − 12 = ±8
ఎక్స్ = 5 లేదా 1

ఎ, బి, సి పూర్ణాంకాలైతే ఆఖరి భాగహారం దాకా ఎక్కడా భిన్నం రాదు. కుడిపక్క మిగిలిన 64 ఏమిటో గమనించండి: బి² − 4ఎసి, మన విచక్షణి. అది ఋణ సంఖ్య అయితే ఎడమపక్కనున్న వర్గానికి సమానం కాలేదు, కాబట్టి వక్రం ఎక్స్ అక్షాన్ని తాకదు.

ఎంపీసీ_సీనియర్

సార్, నేను ఖమ్మంలో ఇంటర్ సెకండియర్. ఇక్కడ చదువుతుంటే నాకో పెద్ద డౌట్ వచ్చింది. పదో తరగతిలో ఎ అంటే ఎక్స్² గుణకం. ఇంటర్ లెక్కల 2బి పుస్తకంలో వై² = 4·ఎ·ఎక్స్ అని రాసి, ఎ అంటే శీర్షం నుంచి నాభికి దూరం అంటున్నరు. రెండూ ఒకటేనా? వేరే అయితే రెండిటికీ ఒకే అక్షరం ఎందుకు? ఇంకోటి, ఈ పై లెక్కలో నాభి ఎక్కడ ఉంటది?

లెక్కల_మాస్టారు

బాబూ, రెండూ వేరు. అక్షరం ఒకటే కావడం వల్ల ఎంతమంది పిల్లలు ఇబ్బంది పడతారో చెప్పలేను. అమెరికా పుస్తకాల్లో నాభి దూరానికి పి అని వేరే అక్షరం వాడతారు. మనమూ ఇక్కడ పి అనే రాద్దాం.

నీకు ఏడు మార్కుల ప్రశ్నగా వచ్చే ఉత్పాదన తీసుకో. నాభి (పి, 0), నియతరేఖ ఎక్స్ = −పి. వక్రం మీది ఏ బిందువుకైనా నాభి దూరం, నియతరేఖ దూరం సమానం. వర్గాలు రాస్తే:

(ఎక్స్ − పి)² + వై² = (ఎక్స్ + పి)²
వై² = (ఎక్స్ + పి)² − (ఎక్స్ − పి)²

కుడిపక్కన ఉన్నది ఎనిమిదో తరగతి సర్వసమీకరణమే. రెండు సంఖ్యల మొత్తం వర్గంలోంచి వాటి భేదం వర్గం తీసేస్తే ఆ సంఖ్యల లబ్ధానికి నాలుగు రెట్లు మిగులుతుంది. అందుకని వై² = 4·పి·ఎక్స్. ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే నూటికి తొంభై మంది తెల్లమొహం వేస్తారు. వచ్చింది ఇక్కడి నుంచి.

ఇదే పరావలయం పైకి తెరుచుకుంటే ఎక్స్² = 4·పి·వై, అంటే వై = (1/4పి)·ఎక్స్². పదో తరగతి ఎతో పోల్చు: ఎ = 1/4పి. కాబట్టి పి = 1/4ఎ. ఎ పెద్దదైతే నాభి శీర్షానికి దగ్గరకి వస్తుంది, ఎ చిన్నదైతే దూరం పోతుంది.

మన లెక్కలో ఎ = 2, కాబట్టి పి = 1/8 = 0.125. శీర్షం (3, −8). నాభి దానికి 0.125 పైన: (3, −7.875). నియతరేఖ 0.125 కింద: వై = −8.125. నమ్మకం కుదరాలంటే వక్రం మీది ఏదో ఒక బిందువుతో సరిచూడాలి. (5, 0) తీసుకో. నాభికి దూరం వర్గం = 2² + 7.875² = 4 + 62.015625 = 66.015625. దాని వర్గమూలం సరిగ్గా 8.125. నియతరేఖకి దూరం? 0 నుంచి −8.125 దాకా, అదే 8.125. (6, 10)తో నువ్వు చేసి ఇక్కడ పెట్టు.

ఎంపీసీ_సీనియర్

చేసిన సార్. (6, 10)కి నాభి దూరం వర్గం 9 + 17.875² = 9 + 319.515625 = 328.515625. వర్గమూలం 18.125. నియతరేఖకి 10 + 8.125 = 18.125. కరెక్ట్‌గ వచ్చింది! ఇన్ని రోజులు నాభి అంటే ఫార్ములాలో పెట్టే ఒక బిందువు అనుకున్న.

ఓరుగల్లు_బిడ్డ

తమ్ముడూ, ఎ = 1/4పి అని తెలిసినంక ఇంకో విషయం చెప్తా, చాలామంది నమ్మరు. పరావలయాలన్నిటికీ ఆకారం ఒక్కటే. వై = ఎక్స్² గానీ వై = 10ఎక్స్² గానీ వై = ఎక్స్²/50 గానీ, తేడా అంతా సైజులోనే.

ఫార్ములా_ఫస్ట్

ఇది ఒప్పుకోను. గ్రాఫ్ కాగితం మీద రెండూ గీసి చూడండి. వై = 10ఎక్స్² సన్నగా నిలువుగా లేస్తుంది, వై = ఎక్స్²/50 దాదాపు పడుకుని ఉంటుంది. ఎ పెరిగితే వక్రం సన్నబడుతుందని అన్ని పుస్తకాల్లోనూ ఉంది.

ఓరుగల్లు_బిడ్డ

సార్, గీసి చూస్తే అట్లనే కనబడుతది, నిజమే. ఒక్క నిమిషం లెక్క చూడండి. వై = 10ఎక్స్² మీద బిందువులు (1, 10), (2, 40), (3, 90). ఈ బొమ్మని జిరాక్స్ మిషన్‌లో పెట్టి పది రెట్లు పెద్దగ చేసినం అనుకోండి. పొడవూ వెడల్పూ రెండూ పదింతలు. బిందువులు (10, 100), (20, 400), (30, 900) అయితయి. ఇవి ఏ వక్రం మీద ఉన్నయి? వై = ఎక్స్² మీద! సన్నగా ఉన్న వక్రాన్ని పెద్దగ చేస్తే మామూలు వక్రం వచ్చింది. గుణకం 10 అయితే 10 రెట్లు, 50 అయితే 50 రెట్లు.

మనం ఒకే సైజు కాగితం మీద రెండిటినీ గీస్తున్నం కాబట్టి వై = 10ఎక్స్²లో శీర్షానికి చాలా దూరం ఉన్న భాగం కూడా కనబడుతది, ఇంకో దాంట్ల శీర్షం పక్కనున్న చిన్న ముక్కే కనబడుతది. అందుకే వేరువేరుగ అనిపిస్తయి.

లెక్కల_మాస్టారు

ఓరుగల్లు బిడ్డ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంటర్ మాటల్లో చెప్పాలంటే, పరావలయం ఉత్కేంద్రత, అంటే నాభి దూరానికీ నియతరేఖ దూరానికీ ఉన్న నిష్పత్తి, ఎప్పుడూ 1. దీర్ఘవృత్తానికి అది 0కీ 1కీ మధ్య ఏదైనా కావచ్చు కాబట్టి గుండ్రటివీ సాగినవీ రకరకాలుంటాయి. ఈ విషయంలో వృత్తానిదీ పరావలయానిదీ ఒకే దారి: అన్ని వృత్తాలూ ఒకదానికొకటి సరూపాలు, అన్ని పరావలయాలూ అంతే. పుస్తకంలో సన్నబడుతుందని రాసింది ఒకే స్కేలు మీద గీసినప్పటి మాట. అదీ తప్పు కాదు.

డిష్_టెక్నీషియన్

అందరికీ నమస్తే. ఒంగోలులో ఉంటాను, కేబుల్ వాళ్ళకి డిష్‌లు బిగించే పని. మీ పి = 1/4ఎ చూడగానే రాయాలనిపించింది, మా పని మొత్తం దానిమీదే ఉంది.

పాత డిష్ ఏదైనా సెకండ్‌హ్యాండ్‌లో వస్తే కంపెనీ కాగితాలు ఉండవు. ఫీడ్‌ని, అంటే సిగ్నల్ అందుకునే భాగాన్ని, ఎంత దూరంలో బిగించాలో మేమే కొలుచుకోవాలి. డిష్ అంచు నుంచి ఎదురంచుకి దారం బిగించి కడతాం. దారం మధ్య నుంచి అడుగు దాకా స్కేలు దించి లోతు చూస్తాం. ఆరడుగుల డిష్‌కి వ్యాసం 180 సెంటీమీటర్లు, లోతు 30 వచ్చిందనుకోండి. వ్యాసం వర్గాన్ని లోతుకి 16 రెట్లతో భాగించాలి. 32400ని 480తో భాగిస్తే 67.5. అడుగు నుంచి 67.5 సెంటీమీటర్ల దూరంలో ఫీడ్ ఉండాలి. దూరం తప్పితే సిగ్నల్ మీటర్లో క్వాలిటీ పడిపోతుంది. ఆ 16 ఎందుకో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. మాస్టారు చెబుతారా?

ఎంపీసీ_సీనియర్

అన్నా, ఇది నేను చెప్తా. డిష్ అడుగుని శీర్షం అనుకుంటే ఎక్స్² = 4·పి·వై. అంచు దగ్గర ఎక్స్ అంటే వ్యాసంలో సగం, వై అంటే లోతు. సగాన్ని వర్గం చేస్తే వ్యాసం వర్గంలో నాలుగో వంతు. అది 4 × పి × లోతుకి సమానం. రెండు పక్కలా 4లు కలిసి 16 అయినయి. పి = వ్యాసం²/(16 × లోతు). మీరు కొలిచే దూరమే మా పుస్తకంలో ఉన్న ఎ!

డిష్_టెక్నీషియన్

భలే చెప్పావు తమ్ముడూ. ఒక జాగ్రత్త మాత్రం రాస్తాను. ఇళ్ళ మీద కనిపించే చిన్న డీటీహెచ్ డిష్‌కి ఈ లెక్క నేరుగా పనికిరాదు. దానికి ఎల్ఎన్‌బీ (సిగ్నల్ అందుకునే భాగం) మధ్యలో ఉండదు, కింద నుంచి వచ్చే చేతి చివర ఉంటుంది. ఆ పళ్ళెం మొత్తం పరావలయం కాదు, పెద్ద పరావలయంలోంచి శీర్షానికి ఒక పక్కనున్న ముక్క కోసినట్టు చేస్తారు. నాభి మాత్రం అసలు పెద్ద పరావలయానిదే. దానివల్ల రెండు లాభాలు: ఎల్ఎన్‌బీ నీడ పళ్ళెం మీద పడదు, పళ్ళెం దాదాపు నిటారుగా నిలబడుతుంది కాబట్టి వాననీళ్ళు నిలవవు.

ప్లేనో_అమ్మ

మా అమ్మాయి అడుగుతోంది: అన్ని సిగ్నళ్ళూ ఆ ఒక్క బిందువుకే ఎందుకు వస్తాయి? స్పర్శరేఖలు, కోణాలు ఇంకా వాళ్ళకి రాలేదు.

లెక్కల_మాస్టారు

కోణాలు లేకుండానే కొంత చెప్పవచ్చు. ఉపగ్రహం చాలా దూరంలో ఉంది కాబట్టి తరంగాలు సమాంతరంగా, ఒకే వరసలో దిగుతాయి. డిష్ పైన ఆ వరసని ఒక అడ్డగీత అనుకోండి. గీత నుంచి ఒక కిరణం నిలువుగా దిగి వక్రాన్ని తాకి నాభికి వెళ్ళింది. దాని మొత్తం దూరం ఎంత? వక్రం నుంచి నాభికి ఎంత దూరమో వక్రం నుంచి నియతరేఖకీ అంతే కదా. కాబట్టి అది నాభి వైపు తిరగకుండా తిన్నగా నియతరేఖ దాకా దిగినా దూరం అంతే. అడ్డగీతకీ నియతరేఖకీ మధ్య ఎడం అన్నిచోట్లా ఒక్కటే. అంటే డిష్ అంచుని తాకిన తరంగమూ అడుగుని తాకిన తరంగమూ సరిగ్గా ఒకే దూరం నడిచి, ఒకే సమయానికి నాభిని చేరతాయి. అక్కడ ఒకదానికొకటి బలం చేకూర్చుకుంటాయి.

పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల వ్యాసంతో 30 డిష్‌లున్నాయి. అవి దూరపు గెలాక్సీల రేడియో తరంగాలు పట్టుకునేదీ ఈ సమాన దూరాల వల్లే.

ఎంపీసీ_సీనియర్

సార్, హైదరాబాద్ దుర్గం చెరువు మీద ఉన్న తీగల వంతెన కూడా పరావలయమేనా? మా క్లాసులో కొందరు అవునంటున్నరు.

వంతెనల_ఇంజినీర్

కాదండీ. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాను, సివిల్ ఇంజినీర్‌ని. దుర్గం చెరువు వంతెనలో స్తంభం నుంచి రోడ్డుకి ఒక్కొక్క తీగ తిన్నగా బిగించి ఉంటుంది. అక్కడ వక్రం లేదు. వేలాడే వంతెన వేరు. 1937లో తెరిచిన మా గోల్డెన్ గేట్ వంతెనలో రెండు స్తంభాల మధ్య దూరం 1280 మీటర్లు, పెద్ద తీగ మధ్యలో సుమారు 143 మీటర్లు కిందికి దిగి ఉంటుంది. అట్టడుగుని మూలబిందువు చేసుకుంటే అంచు (640, 143), గుణకం 143/640², సుమారు 0.00035. సగం దూరంలో, అంటే 320 మీటర్ల దగ్గర ఎత్తు 143లో నాలుగో వంతే: 36 మీటర్లకి కొంచెం తక్కువ.

పరావలయం ఎందుకయిందంటే, తీగ మీద పడే బరువులో ఎక్కువ భాగం కిందున్న రోడ్డుది. రోడ్డు బరువు అడ్డంగా ప్రతి మీటరుకీ ఒకేలా ఉంటుంది. మధ్య నుంచి ఎంత దూరం పోతే తీగ అంత బరువు మోయాలి, అడ్డంగా లాగే బలం మాత్రం మారదు. అందుకని తీగ వాలు దూరంతో పాటు సమానంగా పెరుగుతూ పోతుంది. మాస్టారి పట్టికలో 2, 6, 10, 14 అని ప్రతిసారీ 4 పెరిగింది చూడండి, అదీ ఇదీ ఒకటే.

రోడ్డు లేకుండా ఉత్త గొలుసు వేలాడదీస్తే మాత్రం పరావలయం రాదు, దగ్గరగా ఉండే ఇంకో వక్రం వస్తుంది. దాన్ని 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ తేల్చారు.

ఓరుగల్లు_బిడ్డ

ఆ బేసి సంఖ్యల మాట గెలీలియో దగ్గర కూడా ఉంది. కింద పడే వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5 దిగుతది. 1, 3, 5! అడ్డంగా విసిరితే పక్కకి ప్రతి సెకనుకీ ఒకే దూరం, కిందికి 1, 3, 5, 7. గాలి అడ్డుని లెక్కలోకి తీసుకోకపోతే విసిరిన రాయి దారి పరావలయమని 1638లో అచ్చయిన పుస్తకంలో ఆయన నిరూపించిండు. ప్లేనోలో పాప గడులు లెక్కపెట్టి గీసింది అదే దారి, తలకిందులుగ.

ఎంపీసీ_సీనియర్

సార్, నాది ఒకటి సరిచూడండి. వై² − 6వై − 8ఎక్స్ − 7 = 0.

(వై − 3)² = 8ఎక్స్ + 16 = 8(ఎక్స్ + 2)

శీర్షం (−2, 3). 4పి = 8, పి = 2. కుడికి తెరుచుకుంటది. నాభి (0, 3), నియతరేఖ ఎక్స్ = −4, నాభిలంబం పొడవు 8, దాని కొనలు (0, 7), (0, −1).

లెక్కల_మాస్టారు

అన్నీ సరిగ్గా ఉన్నాయి. పేపర్లో అక్షం సమీకరణం కూడా అడుగుతారు, వై = 3 అని రాయి. ఎక్స్‌కి వర్గం ఉంటే నిలువు అక్షం, వైకి వర్గం ఉంటే అడ్డ అక్షం. లెక్క మొదలుపెట్టే ముందే ఆ ఒక్కటీ చూసుకుంటే సగం తప్పులు పోతాయి.

ప్లేనో_అమ్మ

పిల్ల హోంవర్క్ అయిపోయింది, టీచరుకి వై + 8 సంగతి చూపిస్తానని కాగితం బ్యాగులో పెట్టుకుంది. పడుకునే ముందు ఇంకొకటి అడిగింది: ఎక్స్ అక్షానికి కింద, 1 నుంచి 5 దాకా ఆ గిన్నెలాంటి భాగం వైశాల్యం ఎంత? గడులు లెక్కపెడితే ఇరవై పైచిలుకు వస్తోందట.

లెక్కల_మాస్టారు

దీనికి క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ జవాబు చెప్పాడు. (1, 0), (5, 0), శీర్షం (3, −8) కలిపి త్రిభుజం గీయమనండి. భూమి 4, ఎత్తు 8, వైశాల్యం 16. పరావలయ ఖండం వైశాల్యం ఆ త్రిభుజానికి 4/3 రెట్లు. 64/3, అంటే 21.33. పాప గడుల లెక్క బాగానే వచ్చింది. త్రిభుజానికీ వక్రానికీ మధ్య రెండు పక్కలా మిగిలిన సందుల్లో మళ్ళీ త్రిభుజాలు గీస్తే ఆ రెండూ కలిపి 4 వస్తాయి, వాటి సందుల్లోవి కలిపి 1, తర్వాత 1/4. 16 + 4 + 1 + 1/4 అని కూడుతూ పోతే 64/3కి చేరుతుంది. మొదటి నాలుగూ కూడితేనే 21.25.

ఎంపీసీ_సీనియర్

నేను సమాకలనం చేసి చూసిన సార్. 2ఎక్స్² − 12ఎక్స్ + 10ని 1 నుంచి 5 దాకా చేస్తే −64/3 వచ్చింది. వక్రం అక్షానికి కింద ఉంది కాబట్టి మైనస్. వైశాల్యం 64/3.